జాడీకి వాసెన – కూలర్‌కు తొడుగు

సివిల్ సర్వీసుల పరీక్షల కోసం బిడ్డను ఢిల్లీకి పంపిన కుటుంబాలు మన ఉద్యోగులలో ఇప్పుడు అరుదు కాదు. అట్టివారిలో పలువురికి ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు సుపరిచితమే. దేశ విభజన అనంతరం పశ్చిమ పంజాబు నుండి తరలివచ్చిన కుటుంబాల పునరావాసానికై వెలసిన ఈ పేట మన ప్రథమ రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ పేరును ధరించినది. నాటి చిన్న ఇండ్లు కాలక్రమమున అంతస్తులుగా పెరిగి, నేడు చదువుకొను పిల్లలకు అద్దె గదులైనవి.

ఆ ఇరుకు గదులలో వేసవిని గట్టెక్కించునది ఎయిర్ కూలర్. ప్రిలిమ్స్ పరీక్ష 2024లో జూన్ 16న, 2025లో మే 25న జరిగినది. అనగా ఉత్తరాది వడగాడ్పులు ముమ్మరముగా వీచు రోజులలోనే పిల్లలు రేయింబవళ్లు పుస్తకాల ముందు కూర్చుండవలసి యుండును. సరిగా ఆ వారములలో కూలర్ మొరాయించినచో కలుగు నష్టము మరమ్మతు ఖర్చుతో తీరునది కాదు.

ఏప్రిల్‌లో మొరాయించు కూలర్‌కు వ్యాధి సాధారణముగా శీతాకాలములోనే అంటుకొనును. నవంబరు మొదలు మార్చి వరకు అది బాల్కనీలోనో కిటికీ వెలుపలనో దుమ్ములోను, పావురాల రెట్టలోను, అడపాదడపా కురియు చలికాలపు వానలోను పడియుండును. రేకు తుప్పు పట్టును. మోటారులో తేమ చేరును. కొందరు ప్లాస్టిక్ కాగితము కప్పి తాడు చుట్టుదురు. మొదటి గాలివానకే అది ఎగిరిపోవును. ఎగరకున్నచో లోపలి తేమను బయటకు పోనీయక తుప్పును మరింత పెంచును. కావున ఈ నెల మన శీర్షికలో కొలతకు సరిపడు తొడుగును, దానికొక బిగింపు పట్టీని ఇంటి కుట్టుమిషను మీద తయారుచేయు విధానమును వివరింపదలచినాము.

తొడుగులో కీలకము గుడ్డ కాదు, పట్టీ కూర్చుండు చోటు. ఆవకాయ జాడీకి వాసెన కట్టు తీరును పాఠకులు ఒక్కసారి జ్ఞాపకము చేసికొనవలెను. పెద్దలు దారమును జాడీ అంచు మీద చుట్టరు; అంచుకు దిగువన, మెడ సన్నబడిన చోట చుట్టుదురు. అంచు మీద కట్టినది ఎంత బిగించినను పైకి జారును. దిగువన కట్టినదానిని పైనున్న అంచే జారకుండ ఆపును.

పడవల తొడుగులదీ ఇదే సూత్రము. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పోటీలు చూచినవారికి లేజర్ తరగతి పడవలు తెలిసియుండును. వాని పొడవు 4.23 మీటర్లు. అట్టి పడవను ఒడ్డున నిలుపునపుడు కప్పు తొడుగు అంచులో పట్టీని దూర్చి, పడవ పై అంచు దాటి దేహము లోనికి వంగు చోట బిగింతురు. గాలి మరీ ఎక్కువైన తావులలో పడవ పొట్ట క్రిందుగా అడ్డపట్టీలు కూడ వేయుదురు. పెద్ద పడవలకైతే వాననీరు మడుగు కట్టకుండ నడుమ ఒక కఱ్ఱ నిలిపి, గుడ్డను ఇంటికప్పు వలె వాలుగా నుంచుదురు. అంచు క్రింద బిగువు, పైన వాలు, లోపల గాలి అను ఈ మూడింటిని మన కూలర్‌కు అన్వయింతము.

మొదట కొలతలు. బిడ్డ ఢిల్లీలో, మిషను ఇంటిలో ఉన్నను ఇబ్బంది లేదు. ఫోనులో అయిదు అంకెలు అడిగిన చాలును: కూలర్ వెడల్పు, లోతు, ఎత్తు, స్టాండు వెడల్పు, స్టాండు లోతు. స్టాండు కూలర్ కంటె చిన్నదైనచో పట్టీకి కావలసిన అంచు సిద్ధముగా నున్నట్లే. రెండును సమానమైనచో తొడుగు దిగువ అంచుకు ఎదురెదురుగా రెండు జతల నాడాలు కుట్టి, కూలర్ అడుగు నుండి తీసి ముడివేయవలెను. ఇవియే మన పొట్టపట్టీలు. కిటికీకి బిగించిన కూలర్‌నైతే క్రిందికి దింపి బాల్కనీలో నుంచిన పిమ్మటనే ఈ తొడుగు పనికివచ్చును.

ఉదాహరణకు 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, 90 సెంటీమీటర్ల ఎత్తు గల కూలర్‌ను తీసికొందము. తొడిగి తీయుటకు వీలుగా ప్రతి ప్రక్క 4 సెంటీమీటర్ల వదులు ఈయవలెను. కుట్టుకు ఒక్కొక్క అంచున ఒకటిన్నర సెంటీమీటరు వదలవలెను. అపుడు పైముక్క 67 సెంటీమీటర్ల చదరము. నాలుగు ప్రక్కలకు కలిపి ఒకే పొడుగాటి ముక్క: పొడవు 259, ఎత్తు 108 సెంటీమీటర్లు. ఈ ఎత్తులో 90 కూలర్‌ది, 12 అడుగు దాటి క్రిందికి దిగు భాగము, నాలుగున్నర పట్టీ దూర్చు మడత, ఒకటిన్నర పై కుట్టుది. గుడ్డ పన్నా 150 సెంటీమీటర్లైనచో 3 మీటర్ల 30 సెంటీమీటర్లు సరిపోవును. నూలు గుడ్డ తడిసి కుంచించుకొనును గనుక కత్తిరించుటకు ముందే ఒకసారి తడిపి ఆరబెట్టుట మంచిది.

గుడ్డ విషయములో మా సలహా దళసరి కాన్వాసు. అది వానను చాలవరకు ఆపుచునే తేమను బయటకు పోనిచ్చును. ఆ పేటలో పాత ఫ్లెక్సులకు కొదువ లేదు; కోచింగు ప్రకటనలు గోడ గోడకు కనిపించును. ఫ్లెక్సు నీటిని ఆపును గాని గాలి ఆడనీయదు. కావున తొడుగంతయు దానితో కుట్టరాదు. ఒక ముక్కను కూలర్ నెత్తిన, కాన్వాసుకు లోపలి ప్రక్కగా పరచిన చాలును. గత సంవత్సరపు విజేత ముఖచిత్రము ఆ విధముగానైనను మన బిడ్డ కూలర్‌కు గొడుగు పట్టును.

కుట్టుటకు పాలిస్టరు దారము వాడవలెను. నూలు దారము ఎండకు, తడికి త్వరగా చివుకును. 16 లేదా 18 నంబరు సూది ఎక్కించి, కుట్టును కొంచెము పొడుగుగా పెట్టుకొనవలెను. పొడుగాటి ముక్క రెండు కొసలు కలిపి గొట్టము వలె చేసి, పైముక్కను నాలుగు మూలలు సరిచూచి జతచేసి, కుట్టు అంచును క్రిందికి మడిచి రెండవ కుట్టు వేయవలెను. ఎదురెదురు ప్రక్కలలో, పైకుట్టుకు అరచేయి దిగువన, 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తున రెండు గవాక్షములు కత్తిరించి దోమతెర గుడ్డ కుట్టి, వాన పడకుండ పైనుండి చూరు వలె ఒక ముక్క వ్రేలాడదీయవలెను. అడుగున చేరిన గాలి ఆ దారిని వెలుపలికి పోవును.

ఇక పట్టీ. దిగువ అంచును మడిచి కుట్టుట లంగాకు బొందు దూర్చు మడత వంటిదే. ముందువైపు 5 సెంటీమీటర్లు కుట్టకుండ వదలవలెను. బడిసంచుల భుజములకు వాడు రెండున్నర సెంటీమీటర్ల నైలాను పట్టీ 3 మీటర్ల 20 సెంటీమీటర్లు తీసికొని, కొసలు పోగులు రాకుండ కొవ్వొత్తి సెగకు చూపి, పిన్నీసుతో మడతలో దూర్చవలెను. ఒక కొసకు ఆ సంచులకే ఉండు బకిల్ కుట్టి, రెండవ కొసను అందులోనుండి లాగవలెను. లాగినపుడు బిగియును, బకిల్ ఎత్తినపుడు వదులగును. త్రాడు ముడి తడిసి ఆరినపిదప విప్పుట కష్టము. దీనికి ఆ బాధ లేదు. గాలిలో తొడుగు పటపట కొట్టుకొనకుండ బిగించిన చాలును. అంతకు మించి లాగినచో మూలల కుట్లు తెగును.

తొడుగు వేయుటకు ముందు చేయవలసిన పని తొడుగు కంటె ముఖ్యమైనది. ప్లగ్గు తీసివేసి, తొట్టిలోని నీరంతయు పారబోసి, గోడలను పీచుతో గట్టిగా రుద్దవలెను. డెంగ్యూను వ్యాపింపజేయు ఏడిస్ దోమ నీటిమట్టమునకు కొంచెము పైగా తడి గోడకు గ్రుడ్లను అంటించును. నీరు ఎండినను అవి నెలల తరబడి చావవు. ఏప్రిల్‌లో తొట్టి నింపగానే పొదిగి, వారము పది రోజులలో దోమలగును. 2015లో ఢిల్లీలో 15 వేలకు పైబడి డెంగ్యూ కేసులు నమోదైనవి. రుద్దని తొట్టికి ఎంత చక్కని తొడుగు వేసినను, ఆ గ్రుడ్లను వేసవి వరకు భద్రపరచినట్లే యగును.

పాత గడ్డిని తీసివేసి, కూలర్‌ను రెండు రోజులు ఎండనిచ్చి, నెత్తిన ఒక ప్లాస్టిక్ బేసిను బోర్లించి, దానిపై ఫ్లెక్సు పరచి, అటుపిమ్మట తొడుగు దింపవలెను. బేసిను వలన పైన వాలు ఏర్పడి నీరు నిలువదు. వేసవిలో తొడుగు తీసినపుడు కొత్త గడ్డి పెట్టి, తీగలు పరీక్షించి, ఆ తరువాతనే ప్లగ్గు పెట్టవలెను. తొడుగు ఉండగా కూలర్‌ను ఎన్నడును నడుపరాదు.

దూరమున చదువు బిడ్డకు తల్లిదండ్రులు చేయగల సాయము సొమ్ము పంపుటతోను, ఫోను చేయుటతోను ముగియునని పలువురు దిగులుపడుదురు. పరీక్షను బిడ్డ తరఫున మనము వ్రాయలేము. ఆ గదిలోని ఎండను మోయలేము. కాని దీపావళి లోపల ఒక ఆదివారము మిషను ముందు కూర్చున్నచో, మే నెలలో ఆ గదిలోనికి చల్లని గాలి వచ్చుటకు కావలసిన ఏర్పాటు ఇంటి నుండియే చేయవచ్చును. తండ్రి కొలతలు అడిగి వ్రాసికొని, తల్లి కుట్టి, చెల్లెలు పట్టీ దూర్చి పంపిన పార్సిలు ఆ బిడ్డకు ఏమి చెప్పునో మేము వేరుగా వ్రాయనక్కరలేదు.

వేరు ఆకారముల కూలర్లకు తొడుగు కుట్టిన పాఠకులు తమ కొలతలను, పద్ధతిని మాకు వ్రాసిన, తదుపరి సంచికలలో సంతోషముతో ప్రచురింపగలము.