కొండలే తోడుగా... సైకిల్ సవారీ!

ఉదయం ఆరు దాటింది. చంద్రగిరి దుర్గం బండల మీద మంచు ఇంకా వీడలేదు. కోటగోడ పక్క నుంచి ఓ సైకిల్ వస్తోంది. హ్యాండిల్‌కి అటొకటి, ఇటొకటి పాలక్యాన్లు. బెల్లు కొట్టాల్సిన పనే లేదు. క్యాన్ల చప్పుడుకే మేకలు పక్కకి తప్పుకుంటున్నాయి. దూరంగా శేషాచలం కొండలు నీలంగా, నిద్రలో ఉన్నట్టు...

ఈ దారిలో ముందు ఓ బుల్లి సైకిల్, వెనకే నాన్న సైకిల్ వెళ్తుంటే ఎంత బాగుంటుంది! ఆ మాట అనగానే చాలా ఇళ్లలో అమ్మ మొహంలో భయం కనపడుతుంది. ‘రోడ్డు మీదా? లారీలొస్తాయి బాబూ’ అంటుంది. ఆ భయంలో తప్పేం లేదు.

గంటకింతని అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కి, మోకాళ్లు దోక్కుపోయిన తరమే ఇప్పటి అమ్మానాన్నలది. వాళ్లే ఇప్పుడు వేలు పోసి పిల్లలకు గేర్ల సైకిల్ కొంటున్నారు. అది అపార్ట్‌మెంటు సెల్లార్లో నాలుగు స్తంభాల చుట్టూ తిరిగి తిరిగి, ఏడాదికి గాలి పోయి గోడకి ఆనుకుంటోంది. సైకిలైతే ఇచ్చాం. మరి దారి?

దారి ఉంది. తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే. కాకపోతే ఏ దారిలో, ఏ వేళప్పుడు, ఎవరితో వెళ్లాలో తెలియాలి. అన్నిటికన్నా ముందు, ఎటు వెళ్లకూడదో తెలియాలి!

రెండు పెద్ద రోడ్ల నడుమ...

చంద్రగిరి ప్రాంతంలో రెండు జాతీయ రహదారులు ఉన్నాయి. ఒకటి తిరుపతి నుంచి పూతలపట్టు వైపు వెళ్లే 140వ నంబరు రోడ్డు. చిత్తూరు, కాణిపాకం, వేలూరు బండ్లన్నీ దీని మీదే. రెండోది మంగాపురం, రంగంపేట, భాకరాపేట మీదుగా మదనపల్లెకి వెళ్లే 71వ నంబరు రోడ్డు. బస్సులు, లారీలు, కాలేజీ బండ్లు అన్నీ ఈ రెంటి మీదే పరుగులు పెడతాయి.

సైకిల్ మీద వెళ్లేవాళ్లకి ఈ రెండూ శత్రువులే అనిపిస్తుంది. నిజానికి మేలు చేసిందీ ఇవే. తొందరున్న బండ్లన్నీ పెద్దరోడ్డెక్కేయడంతో ఊళ్లను కలిపే చిన్నరోడ్లు ఊపిరి పీల్చుకున్నాయి. వాటి మీద తిరిగేది పాలబండ్లు, చెరకు ట్రాక్టర్లు, బడిపిల్లలు, గొర్రెల మందలు. సైకిల్ సవారీకి కావాల్సింది సరిగ్గా ఇలాంటి రోడ్లే.

మొదటి దారి: కోట నుంచి కొండ పాదానికి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, పదేళ్లు దాటిన పిల్లలకి ఇది బాగుంటుంది. చంద్రగిరి కోట దగ్గర మొదలై, శ్రీనివాసమంగాపురం మీదుగా శ్రీవారిమెట్టు దాకా. రానూపోనూ కలిపి అటూ ఇటుగా ఇరవై కిలోమీటర్లు.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకి, అక్కణ్నుంచి చంద్రగిరికి రాజధాని మార్చుకున్నారు. 1639లో ఇంగ్లిష్ కంపెనీకి మద్రాసులో కోట కట్టుకోవడానికి చోటు దక్కింది. ఆ పత్రం రాసిచ్చింది ఇక్కడి రాజమహల్‌లోనే అని చెబుతారు. అంటే, చెన్నపట్నం కథలో ఓ ముఖ్యమైన పేజీ ఈ చిన్న ఊళ్లో ఉందన్నమాట! మూడంతస్తుల రాజమహల్‌లో ఇప్పుడు పురావస్తుశాఖ మ్యూజియం ఉంది. పొద్దున్నే తెరవరు కాబట్టి తిరిగొచ్చేటప్పుడు చూడాలి. శుక్రవారం సెలవు.

కోట దాటి మంగాపురం వైపు వెళ్తుంటే దారి పొడవునా మామిడి తోటలే. జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్తే పూత వాసన వెంట నడిచొస్తుంది. కారు అద్దాల్లోంచి ఈ వాసన రాదు! మంగాపురం దగ్గర మాత్రం మదనపల్లె రోడ్డు అడ్డొస్తుంది. అక్కడ ఎవరైనా సరే సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటాల్సిందే.

పద్మావతిని పెళ్లాడాక శ్రీనివాసుడు కొండెక్కకుండా ఆర్నెల్లు ఇక్కడే ఉన్నాడని స్థలపురాణం. అందుకే కొత్తగా పెళ్లయినవాళ్లు కల్యాణ వెంకటేశ్వరుణ్ని చూడ్డానికి వస్తుంటారు. గుడి నుంచి శ్రీవారిమెట్టు దాకా రోడ్డు మెల్లమెల్లగా ఎత్తవుతూ పోతుంది. కళ్లకి చదునుగానే కనిపిస్తుంది, కాళ్లకి మాత్రం తెలుస్తుంది! ఇక్కడే పిల్లలకి గేర్లు నేర్పాలి. ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్ద పళ్లచక్రం పడితే ఎత్తు సులువవుతుంది. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు మీద తొక్కకుండానే జారుకుంటూ వచ్చేయొచ్చు.

2021 నవంబరు వానలకి శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతింది. బాగుచేసి 2022 మేలో మళ్లీ తెరిచారు. శని, ఆదివారాల్లో మెట్లెక్కే భక్తుల ఆటోలు, జీపులు ఎక్కువ. కాబట్టి ఈ దారికి మామూలు రోజులే మేలు.

రెండో దారి: చెరువు కట్ట మీదికి

ఆదివారం మాత్రమే వీలయ్యేవాళ్లు దక్షిణానికి తిరగాలి. తొండవాడలో స్వర్ణముఖి ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. ముక్కోటి అంటారు. భీమా, కల్యాణి నదులు స్వర్ణముఖితో కలిసేది ఇక్కడే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించినా వానాకాలం చివర్లో చూడాలి ఆ అందం!

నది దాటి రామచంద్రాపురం వైపు ఊళ్ల మీదుగా వెళ్తే రాయలచెరువు. చంద్రగిరి నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు. దారి తెలియకపోతే ఫోన్‌లో మ్యాప్ కన్నా టీ బంకు దగ్గర అడగడం నయం. మ్యాప్ దగ్గరి దారి చూపిస్తుంది, ఊరివాళ్లు మంచిదారి చెబుతారు.

కొండల మధ్య కట్టకట్టి నీళ్లాపిన ఈ చెరువు శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెబుతారు. కట్ట మీద సైకిల్ ఆపి నిలబడితే ఓ పక్క నీళ్లు, మరో పక్క దిగువన పచ్చటి పొలాలు. 2021 నవంబరులో చెరువు నిండి, కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ కట్టను నిలబెట్టడానికి రాత్రింబవళ్లు బస్తాలు మోశారు. ‘చెరువంటే నీళ్లే కదా’ అనుకునే పిల్లలకి ఈ కట్ట మీద ఆ కథ చెప్పాలి. కింద కనిపించే ప్రతి ఇల్లూ, ప్రతి మడీ దీన్ని నమ్ముకునే ఉంది.

మూడో దారి: ఘాట్ దాటి తలకోన

ఇది రోజూ తొక్కే పెద్దవాళ్లకే. చాలామంది చేసే పొరపాటు చంద్రగిరి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా సైకిల్‌పైనే వెళ్లిపోదామనుకోవడం. పైకి ఎక్కడం కష్టం, కిందికి దిగడం ప్రమాదం. మలుపుల్లో ఎదురొచ్చే బస్సు కనపడదు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బృందం బస్సు లోయలో పడింది ఇక్కడే. అంత పెద్ద బస్సుకే అదుపు తప్పిన చోట సైకిల్ ఎంత?

అందుకని సైకిళ్లను వ్యానులోనో, ఆటోలోనో వేసుకుని ఘాట్ దాటాలి. భాకరాపేటలో దించుకుని మొదలుపెడితే నెరబైలు మీదుగా తలకోన దాకా పాతిక కిలోమీటర్లు. ఇక్కడ కొండలు దగ్గరికి వస్తాయి. పొలాలు పలచబడి అడవి చిక్కబడుతుంది. ఎర్రచందనం పెరిగే నేల ఇది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఈ కొండల్లో రోడ్డు పక్కనే పలకరిస్తుంది. చివరికి 270 అడుగుల నుంచి దూకే తలకోన జలపాతం, దాని కింద సిద్ధేశ్వరస్వామి గుడి.

ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు పరిధి. చిరుతలున్నాయి. ఏనుగులు మామిడి తోటల్లోకి వస్తున్నాయి. పొద్దు పొడిచాకే బయల్దేరాలి, పొద్దు గుంకక ముందే ఊరు చేరాలి. ఒంటరిగా అసలు వెళ్లకూడదు.

బయల్దేరే ముందు...

* డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వానల్లో వంకలు పొంగుతాయి. ఎండాకాలం ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చేయాలి.

* జూన్, జులైల్లో దామలచెరువు, పాకాల వైపు వద్దు. తోతాపురి మామిడి లోడ్ల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి.

* బ్రేకు రబ్బర్లు అరిగితే ముందే మార్పించుకోవాలి. పల్లంలో ఒకే బ్రేకు గట్టిగా పట్టుకుని దిగితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలొచ్చు. రెండూ వాడుతూ, పట్టి వదులుతూ దిగాలి.

* ఓ స్పేర్ ట్యూబు, చేతిపంపు, తాగడానికి నీళ్లు తప్పనిసరి. ఊరూరా పంక్చర్ అంగళ్లు ఉండే రోజులు పోయాయి.

* పిల్లలు ముందు, పెద్దలు వెనక. హెల్మెట్ అందరికీ.

చివరిగా ఓ మాట. ఈ రోడ్లు సైకిల్ సవారీ కోసం వేసినవి కావు. ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు 2017లో ‘బడికొస్తా’ పథకం కింద సైకిళ్లిచ్చారు. అది సరదా కోసం కాదు, దూరాభారం వల్ల చదువు ఆగిపోకూడదని. పాలు కేంద్రానికి చేర్చే రైతుకీ, బడికెళ్లే పిల్లకీ ఈ దారి రోజువారీ బతుకు. ఊరినుంచి వెళ్లేవాళ్లు చుట్టాలు మాత్రమే. చుట్టాల్లాగే వెళ్లాలి. గొర్రెల మంద అడ్డొస్తే ఆగాలి, చెత్త పడేయకూడదు, పలకరిస్తే పలకాలి.

అలా పలకరిస్తే రాగిసంగటి, ఊరిబిండి ఎక్కడ బాగుంటాయో కూడా వాళ్లే చెబుతారు. ఇరవై కిలోమీటర్లు తొక్కొచ్చిన పిల్లాడికి ఆ పూట అన్నం తినమని ఎవరూ బతిమాలక్కర్లేదు!