ప్రతి రోగానికీ ఫార్మాటేనా?

తెనాలి, బాపట్ల, రేపల్లె బజార్లలో కంప్యూటరు మరమ్మతుకు ఇచ్చిన వారికి తరచు వినిపించే మాట ఒకటున్నది: "ఫార్మాట్ కొట్టాలండీ." యంత్రాన్ని బల్ల మీద పెట్టి పూర్తిగా తెరవక ముందే తీర్పు వెలువడుతుంది. సరేనని తల వూపి వెళ్ళిన గ్రామస్థునికి సాయంత్రానికి కంప్యూటరు కొత్త పెళ్ళికొడుకులా తయారై తిరిగి వస్తుంది. అందులో వున్న పెళ్ళి ఫొటోలు, పంట లెక్కలు, పిల్లవాని ప్రాజెక్టు, రిటైరైన మాస్టారు రెండేళ్ళు కూర్చుని టైపు చేయించిన ఊరి చరిత్ర మాత్రం రావు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునే వాడిని చూసి లోకం నవ్వుతుంది. అదే పనిని డబ్బిచ్చి మరీ చేయించుకుంటున్నామన్న సంగతి మనకు తోచడం లేదు.

ఫార్మాట్ అంటే ఏమిటో రైతుకు అడంగల్ ఉపమానంతో చెబితే సులువుగా అర్థమవుతుంది. ఊళ్ళో పొలాలన్నీ ఎక్కడివక్కడే వున్నా, ఏ సర్వే నెంబరు ఎవరిదో చెప్పే దస్త్రాన్ని తగులబెడితే ఎలా వుంటుందో, మామూలుగా చేసే ఫార్మాట్ అలా వుంటుంది. డిస్కులో ఏ ఫైలు ఎక్కడున్నదో చెప్పే జాబితా పోతుంది. ఆ తర్వాత కొత్త విండోస్‌ను తెచ్చి పాత సమాచారం మీదనే నాటుతారు. నాటు పడక ముందు యంత్రాన్ని ఆపగలిగితే పాతరకం హార్డ్ డిస్కు నుంచి కొంత రాబట్టవచ్చు. ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం డిస్కులలో ఆ ఆశ కూడా సన్నగిల్లుతుంది.

దుకాణదారుల నొక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. లోపం ఎక్కడున్నదో వెతకడానికి రెండు గంటలు పట్టవచ్చు, ఆ రెండు గంటలకు కూలి ఇమ్మంటే ఇచ్చేవారు అరుదు. ఫార్మాట్‌కైతే రేటు వున్నది, ఫలితం కంటికి కనిపిస్తుంది. వైద్యుడు నాడి చూసినందుకు డబ్బివ్వకుండా సూది వేసినందుకే ఇచ్చే అలవాటు మనలో వున్నంతకాలం సూదులే పడతాయి.

అసలు చాలా జబ్బులకు ఈ వైద్యం అక్కరలేదని ప్రపంచమంతటికీ తెలిసివచ్చిన రోజు ఒకటున్నది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా కంపెనీ పంపిన ఒక్క లోపభూయిష్టమైన ఫైలువల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర చూపి కూలబడ్డాయి. విమానాలు ఆగిపోయాయి. మన దేశంలో కొన్ని విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. అంతటి ఉపద్రవానికి మందేమిటి? యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలును తీసివేసి, మళ్ళీ ఆన్ చేయడం. అదే నీలి తెర ఆ రోజు మన బజారులో ఏ పెట్టెకైనా వచ్చివుంటే ఏ వైద్యం జరిగివుండేదో ఊహించడం కష్టం కాదు.

మన ప్రాంతంలో మామూలుగా వచ్చే చిక్కులు ఇంతకంటే చిన్నవి. వేసవి సెలవుల్లో రెండు నెలలు ప్లగ్గు పీకి వుంచిన పాత కంప్యూటరును తెరిస్తే ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు, "సురక్షితం కాదు" అని హెచ్చరిక వస్తుంది. ఇంటర్నెట్ పోయిందని ఒకరు, వైరస్ పట్టిందని మరొకరు అంటారు. తెర కింద మూలన వున్న తేదీని చూసేవారు తక్కువ. మదర్ బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సి.ఆర్. 2032 అనే మూడు వోల్టులది, అయిపోతే గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. నేటి వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు ఆ పాత తేదీకి ఇంకా పుట్టనే లేదు కనుక బ్రౌజరు వాటిని నమ్మదు. తేదీ సరిచేసి, ఫ్యాన్సీ షాపులో కూడా దొరికే ఆ బిళ్ళను మార్చితే సరి.

నిజాంపట్నం, సూర్యలంక వైపు ఉప్పుగాలి, వానాకాలపు తేమ వేరొక తంటా తెచ్చిపెడతాయి. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద బొమ్మ రాదు, లోపల బీప్ బీప్‌మని చప్పుడు వినిపిస్తుంది. చాలా సందర్భాలలో అది ర్యామ్ పలక అంచుకు పట్టిన మాలిన్యం. కరెంటు వైరు పూర్తిగా తీసివేసి, పలకను బయటకు తీసి, ఇత్తడి రంగున మెరిసే అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, రజను దులిపి, తిరిగి గట్టిగా కూర్చోబెట్టడం మన కుర్రాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న చిట్కా. ఇంకొన్ని యంత్రాలు నత్తనడక నడుస్తాయి. సి డ్రైవు నిండా సినిమాలు నింపుకుని, విండోస్‌కు ఊపిరి తీసుకోవడానికి చోటు లేకుండా చేసినందువల్ల కలిగే అవస్థ అది. నాలుగు సినిమాలు తీసివేస్తే పోయేదానికి మొత్తం ఇల్లు ఊడ్చుకోనక్కరలేదు.

అయితే ఒక్క లక్షణాన్ని మాత్రం తేలికగా తీసుకోరాదు. హార్డ్ డిస్కు నుంచి టక్ టక్‌మని చప్పుడు వస్తున్నా, ఫైలు తెరవబోతే నిమిషాల తరబడి యంత్రం బిగుసుకుపోతున్నా డిస్కు అవసానదశకు చేరిందని అనుమానించాలి. అటువంటి డిస్కుకు ఫార్మాట్ చేయడం కొన వూపిరితో వున్న మనిషిచేత పరుగు పందెం పెట్టించడమే. ముందు దానిని ఆపివేయాలి. ఆనక తెలిసినవారి చేత మరొక డిస్కులోకి ముఖ్యమైన వాటిని నకలు తీయించాలి. విండోస్ తెరుచుకోనంత మాత్రాన లోపలి ఫైళ్ళు పోయినట్టు కాదు. పెన్ డ్రైవులో లైనక్స్ వేసుకుని, దానితో యంత్రాన్ని నడిపించి, ఫైళ్ళను బయటకు తీసుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాపులలో మాత్రం డిస్కుకు తాళం వేసివుండవచ్చు. దానికి 48 అంకెల తాళంచెవి కావాలి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదలుపెట్టిన యంత్రమైతే అది సాధారణంగా ఆ అకౌంటులోనే భద్రంగా వుంటుంది. ఆ అకౌంటు ఎవరి పేర పెట్టారో, పాస్‌వర్డ్ ఏమిటో ఇంటివారికి తెలియకపోవడమే అసలు బాధ. ల్యాప్‌టాపు కొన్ననాడే ఈ రెండూ ఒక నోటు పుస్తకంలో వ్రాసి బీరువాలో పెట్టుకోవాలి.

తెలుగు వ్రాతల సంగతికి వస్తే నష్టం మరింత లోతైనది. ఒకప్పుడు అచ్చు పనికి పేరుపడిన తెనాలిలో డి.టి.పి. వచ్చిన తర్వాత ఎన్నో పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు అను వంటి పాత ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫైళ్ళలో నిజానికి తెలుగు అక్షరాలు వుండవు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ తెలుగు వేషం వేసి చూపిస్తారు. ఫార్మాట్‌తో ఆ ఫాంటు పోయిందా, వేషం ఊడిపోతుంది. ఫైలు భద్రంగానే వున్నా తెరవగానే అర్థంలేని గుర్తుల గుట్ట కనిపిస్తుంది. పాడైపోయిందనుకుని దానిని చెరిపివేసుకున్నవారున్నారు. అది పాడు కాలేదు. ఆ ఫాంటును తిరిగి వేసినా, యూనికోడ్‌కు మార్చే పనిముట్టుతో మార్చినా అక్షరాలు లేచి వస్తాయి. ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడ తప్పుతాయి కనుక మారిన ప్రతిని ఒకసారి కూర్చుని దిద్దుకోవాలి, అంతే.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి, గౌతమి ఫాంటుతో దానిని మన ఇళ్ళకు తెచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పాత ఫైళ్ళు మార్పు లేకుండా డి.టి.పి. సెంటర్ల డిస్కులలో పడివుండడం శోచనీయం. ఆ డిస్కులు పోతే ఆ పుస్తకాల మూలప్రతులు కూడా పోతాయి.

తెలుగును కంప్యూటరులోకి తెచ్చిన కృషిలో పెద్ద భాగం తీరిక వేళల్లో ముచ్చటపడి పనిచేసిన అభిమానులదేనని నేటి యువకులలో చాలామందికి తెలియదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనవారు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు వ్రాసే పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి ఉచితంగా పంచారు. వెన్న నాగార్జున చేసిన 'పద్మ' అనే ఉపకరణం, ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటు వాడుతున్న రోజుల్లో ఆ వార్తలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 'లేఖిని'తో తెలుగు టైపు నేర్చుకున్నవారు అసంఖ్యాకులు. నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వెలువడిన 'కంప్యూటర్ ఎరా' మాసపత్రిక ఈ విషయాలను ఇంగ్లీషు రానివారికి తెలుగులో విడమరిచి చెప్పింది. మన ఊళ్ళలో అడగ్గానే వచ్చి స్క్రూడ్రైవరు పట్టుకునే కుర్రాళ్ళు ఈ వంశం వారే. వారిని "ఆటలాడుకునేవాళ్ళు" అని చులకన చేయడం మానాలి.

సలహా అడగడంలోనూ ఒక పద్ధతి వున్నది. "కంప్యూటరు పనిచేయడం లేదు బాబూ" అంటే ఎంతటివాడైనా ఏం చెప్పగలడు? పశువుల డాక్టరు దగ్గరకు వెళ్ళి "గేదె బాగాలేదు" అని ఊరుకుంటామా? మేత మేస్తున్నదా, నెమరు వేస్తున్నదా, ఎప్పటినుంచి అని చెబుతాము. తెర మీద వచ్చిన ఇంగ్లీషు మాటలను ఫోనుతో ఫొటో తీసి చూపాలి. నిన్న బాగానే వుండి నేడు చెడితే, మధ్యలో కొత్తగా ఏం వేశారో, ఏ పెన్ డ్రైవు పెట్టారో, కరెంటు ఎప్పుడు పోయిందో దాచకుండా చెప్పాలి. సిగ్గుపడి దాచిన సంగతిలోనే జబ్బు కారణం వుండడం కద్దు.

సాయం చేస్తామని తామై ఫోను చేసేవారితో మాత్రం జాగ్రత్త. "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటరులో వైరస్ వుంది" అంటూ ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము వేయించి, మన తెరను తమ చేతిలోకి తీసుకుని బ్యాంకు ఖాతా ఖాళీ చేసే ముఠాలున్నాయి. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు దీనిపై బ్యాంకులను హెచ్చరించింది. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నెంబరుకు ఫోను చేయాలి. తెల్లవారనిద్దామని ఆగితే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఈ ఫార్మాట్ జాడ్యానికి 2025 అక్టోబరు 14 తర్వాత కొత్త సాకు దొరికింది. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగించింది. వ్యక్తుల కంప్యూటర్లకు మాత్రం, నమోదు చేసుకుంటే, మరొక సంవత్సరంపాటు భద్రతా సవరణలు పొందే వీలు కల్పించింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు వుండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరానిదో ఆ పైదో కావాలి. హైదరాబాదు ఆఫీసులు వాడి వదిలేస్తే మన పిల్లలకు కొనిపెట్టిన యంత్రాలలో అనేకం ఈ పరీక్షకు నిలవవు. "పర్వాలేదు, మేం వేస్తాం" అని ఎవరో పెన్ డ్రైవులోని దొంగ విండోస్ ఎక్కిస్తే, తాళం తీసే ప్రోగ్రాముతోపాటు దొంగ కూడా ఇంట్లోకి రావచ్చు. ఆ యంత్రంతోనే బ్యాంకు పనులు చేసేవారు రెండుసార్లు ఆలోచించాలి. చదువుకు, టైపుకు, నెట్ చూడడానికి మాత్రమే వాడేవారికి లైనక్స్ మింట్ వంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. పెట్టిస్తే పదేళ్ళ నాటి పెట్టె కూడా చురుకుగా నడుస్తుంది. కొత్తది కొనేముందు ఈ ఖర్చు ఎంతో అడిగి చూడడంలో తప్పులేదు.

తీరప్రాంతం వారికి మరొక సంగతి చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చినపుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంక గ్రామాలు నీట మునిగాయి. నీళ్ళు దిగిన తర్వాత "పనిచేస్తుందేమో చూద్దాం" అని తడిసిన పెట్టెకు కరెంటు ఇవ్వడమంత పొరపాటు మరొకటి లేదు. తడిసినది బాగుపడవచ్చు, తడిమీద కాలినది బాగుపడదు. వరద హెచ్చరిక రాగానే పట్టాదారు పాస్ పుస్తకాన్ని మూటకట్టుకున్నట్టే, నకలు తీసిన చిన్న డిస్కును కూడా ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంట తీసుకువెళ్ళాలి.

ఇక చేయవలసిన పనులు కొన్ని వున్నాయి. మరమ్మతుకు తీసుకునే దుకాణాలు రశీదు మీద "సమాచారం నకలు తీయాలా, వద్దా" అన్న ఒక్క గడి అచ్చువేసి, యజమాని సంతకం తీసుకోవాలి. నకలుకు, లోపం వెతకడానికి వేరుగా రుసుము చెప్పినా ఎవరూ కాదనరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినపుడు తెనాలి గుంటూరులో వుండిపోయి, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. రేపల్లె కంప్యూటరు మాత్రం రైలెక్కి తెనాలి వస్తూనే వున్నది. కనుక రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలూ ఈ విషయంలో కలిసి యోచించడం మంచిది. మూడు పట్టణాల గ్రంథాలయాలలో నెలకొక ఆదివారం ఒక గది, రెండు బల్లలు, నమ్మకమైన ప్లగ్గు పాయింట్లు ఇస్తే చాలు. 1981 నుంచి నడుస్తున్న బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల వంటి విద్యాసంస్థల నుంచి ఉత్సాహవంతులైన విద్యార్థులను, తెనాలి, రేపల్లె కళాశాలల కంప్యూటరు అధ్యాపకులను పిలిస్తే రాకపోరు. మొదటి ఆదివారం మరమ్మతులు కూడా వద్దు. పాత తెలుగు ఫైళ్ళున్న డిస్కులను తెమ్మని చాటింపు వేయించి, వాటికి నకళ్ళు తీసి, యూనికోడ్‌లోకి మార్చే పని ప్రారంభిస్తే, వచ్చే తుపాను కాలం లోపల కొన్ని ఊళ్ళ చరిత్రలైనా ఒడ్డున పడతాయి.