ఓటు అమానత్ కాదా, చిరంజీవి సాబ్?

2008 ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యం పుట్టింది. 2011 ఫిబ్రవరి 6న కాంగ్రెస్‌లో విలీనమని ఢిల్లీలో ఏలాన్ చేశారు. రెండున్నరేళ్ళ జిందగీ, అంతే.

మా కోయిలకుంట్లవాళ్ళకు ఇది దూరపు కిస్సా కాదు. 2009లో మా బనగానపల్లె సీటు కాటసాని రామిరెడ్డి, పక్క ఆళ్ళగడ్డ శోభా నాగిరెడ్డి గెలిచింది ఆ పార్టీ రైలింజన్ గుర్తు మీదే. అవి ఖాందాన్ ఓట్లు, పార్టీవి కావంటారు కొందరు. సగం నిజమే. మిగతా సగం, రెండు పార్టీలతో బేజారై ఇంజన్ మీద నొక్కినవాళ్ళది. వాళ్ళ సంగతేంటి?

294లో 18 సీట్లతో ఏం చేయగలడు పాపం అని ఇంకో బహానా. అదే అసెంబ్లీలో 7 సీట్లతో మజ్లిస్ గొంతెత్తింది. 10 సీట్లతో టీఆర్ఎస్ తెలంగాణ తెచ్చుకుంది. తక్కువైంది సీట్లు కాదు, సబర్.

మూడింట రెండొంతుల ఎమ్మెల్యేలు ఒప్పుకుంటే విలీనం జాయజ్ అని పదో షెడ్యూల్ చెబుతుంది. ఓటేసినవాణ్ణి అడగమని అందులో లేదు. కానీ ఓటు అమానత్. ఒకరి దగ్గర దాచమని ఇచ్చిన సొమ్మును ఇంకొకరి చేతిలో పెడితే దాన్ని ఖయానత్ అనే అంటాం. సాబ్‌కు 2012లో రాజ్యసభ, ఢిల్లీలో పర్యాటక వజారత్ దక్కాయి. మాకు?

రైలింజన్ మా ఊరికి 2016లో వచ్చింది, నంద్యాల–ఎర్రగుంట్ల లైన్ మీద. 2019లో ఆయనే 'సైరా'లో, 1847లో మా కోయిలకుంట్లలోనే ఉరికెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగా వచ్చారు. మళ్ళీ మేమే టికెట్ కొన్నాం.