ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

ఈ నాలుగు మాటలు రాస్తే కొందరు మిత్రులకు కోపం రావచ్చు. అందుకే ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

బి.ఎస్సీ. చదివే రోజుల్లో మా చేత భాస్వరం పరిమాణం కొలిచే ప్రయోగం చేయించారు. ద్రావణంలో మాలిబ్డేట్ పోసి, మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువన్నమాట. నా గొట్టాల్లో ఒకదానిలో రంగు సరిగా రాలేదు. గ్రాఫులో గీత మీద పడాల్సిన చుక్క ఎక్కడో కింద పడింది. పక్కనున్నవాడు "సీనియర్ రికార్డు ఉందిగా, చూసి వేసెయ్‌రా" అన్నాడు. వేసేశాను. పదికి తొమ్మిది మార్కులొచ్చాయి. ఆ రంగెందుకు రాలేదో మాత్రం నాకీనాటికీ తెలీదు.

ఆ పద్ధతి పేరు ఫిస్కే-సుబ్బారో పద్ధతి. ఆ సుబ్బారో మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరారు. అక్కడ ఆసుపత్రిలో చాకిరీ చేసుకుంటూ చదువుకుని, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకు కుదిరారు. 1925లో ఇద్దరూ కలిసి ఈ పద్ధతిని ప్రకటించారు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. ఆ తర్వాత జరిగిందే మనం ముఖ్యంగా వినవలసిన సంగతి.

అదే పద్ధతితో కండరం నుంచి తీసిన ద్రావణాన్ని పరీక్షిస్తే రంగు వెంటనే తేలలేదు. మెల్లమెల్లగా ముదిరింది. మనమైతే ఏం చేస్తాం? మందు పాతబడిందనో, గొట్టం సరిగా కడగలేదనో అనుకుని పారబోస్తాం. వాళ్ళు పారబోయలేదు. ఈ ఆలస్యం ఎక్కడిదని అడిగారు. కండరంలో ఏదో పదార్థం ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉంది. ఆమ్లం తగిలితే కొద్దికొద్దిగా వదులుతోంది. అంతకుముందు దాన్ని మామూలు ఫాస్ఫేట్ కిందే లెక్కవేస్తూ వచ్చారు. 1927లో ఆ పదార్థం బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడు దాని జాడ పట్టారు.

కండరం పనిచేస్తే ఆ పదార్థం తరుగుతుంది. విశ్రాంతి ఇస్తే మళ్ళీ నిండుతుంది. 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో వీరిద్దరూ వేర్వేరుగా ఏ.టి.పి.ని కూడా కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటి పెద్దల నమ్మకం. 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, ఆ ఆమ్లం పుట్టకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని చూపించాడు. దానితో ఆ నమ్మకం కూలింది.

ఈవేళ మనం చదివే పాఠమంతా ఆ దారినే వచ్చింది. కదిలిపోతున్న బస్సు వెనక పరుగెత్తామనుకోండి, తొలి కొద్ది సెకన్లు ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. ఆపైన గ్లైకోజెన్ అందుకుంటుంది. గంటలకొద్దీ నడిస్తే ఒంట్లో దాచుకున్న కొవ్వు కరుగుతుంది. ఏది ఖర్చయినా చివరికి కండరానికి అందవలసింది ఏ.టి.పి.యే.

ఇక అసలు సంగతి. రికార్డు కాపీ కొట్టడం విద్యార్థి దోషమేనా? కొంత అవును. కానీ గడియారం చూసుకుంటూ రెండు గంటల్లో ప్రయోగం ముగించాలి. రసాయనాలు అరకొర. కలరీమీటర్ దగ్గర క్యూ. పైగా మార్కులు జవాబుకే గాని, ఆలోచనకు కాదు. తప్పు రీడింగు ఉన్నదున్నట్టు రాసినవాడికి నాలుగు, కాపీ కొట్టిన నాకు తొమ్మిది! ఇలాగైతే నిజం రాయమని ఎవరికి చెప్పగలం?

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. రికార్డులో ప్రతి ప్రయోగానికీ చివర ఒక పేజీ విడిచిపెట్టండి. అనుకున్నట్టు రానిది ఏమిటి, ఎందుకు రాలేదనుకుంటున్నావు అని అడగండి. దానికీ మార్కులు వేయండి. దీనికి నిధులక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు.

1995లో శతజయంతికి సుబ్బారావుగారి పేర తపాలాబిళ్ళ వేశారు. మనమూ ఏటా ఆయన పటానికి దండ వేస్తాం, మావాడేనని చెప్పుకుంటాం. మంచిదే. కానీ ఆయన పేరున్న ప్రయోగంలోనే దొంగ అంకెలు రాయడం మాత్రం ఏం మర్యాద?

మిత్రులారా, ఈసారి గొట్టంలో రంగు రాకపోతే, రాలేదనే రాద్దాం.