సైలెన్సర్ మార్చుకోండి, ఫిల్టర్ జోలికి వెళ్లకండి

డీజిల్ పికప్ కొన్నవాడు మొదట చేయించాలనుకునే పనుల్లో సైలెన్సర్ మార్పించడం ఒకటి. కంపెనీ ఇచ్చిన గొట్టం సన్నమనీ, లావు గొట్టం వేస్తే ఇంజిన్ బాగా ఊపిరి తీసుకుంటుందనీ, లాగుడు పెరుగుతుందనీ షెడ్లలో చెబుతుంటారు. ఈ మాటలో ఒకప్పుడు చాలా నిజముండేది. ఇప్పుడు మిగిలింది కొంచెమే. ఆ కొంచెం నిజాన్ని అడ్డుపెట్టుకుని అమెరికాలో పెద్ద అక్రమ వ్యాపారమే నడిచింది.

టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్‌లో సిలిండర్ల నుంచి వచ్చే వేడి వాయువే టర్బో చక్రాన్ని తిప్పుతుంది. చక్రం దాటాక ఆ వాయువుకు అడ్డు ఎంత తగ్గితే టర్బో అంత త్వరగా అందుకుంటుంది. బరువు లాగుతూ ఎత్తెక్కేటప్పుడు వేడి కూడా అదుపులో ఉంటుంది. పాత ఫోర్డ్ పవర్‌స్ట్రోక్, డాడ్జ్ కమిన్స్ బండ్లకు నాలుగంగుళాల గొట్టం వేస్తే డ్రైవర్‌కు తేడా తెలిసేది. 2007 మోడల్ నుంచి పరిస్థితి మారింది. పెద్ద డీజిల్ ఇంజిన్లు వదిలే మసి కణాలను అంతకు ముందున్న పరిమితిలో 10 శాతానికి కుదించాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధన తెచ్చింది. దాంతో పొగ దారిలోకి డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ వచ్చి చేరింది. మెకానిక్‌లు పిలిచే పేరు డీపీఎఫ్. దాని తర్వాత నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేందుకు యూరియా ద్రవం చిమ్మే ఏర్పాటూ వచ్చింది.

పొగ దారిలో వాయువుకు పెద్ద అడ్డు ఇప్పుడు ఈ ఫిల్టరే, దాని వెనకున్న గొట్టం కాదు. కాబట్టి ఫిల్టర్‌కు వెనక భాగం మాత్రమే మారిస్తే శబ్దం మారుతుంది, రూపు మారుతుంది. శక్తిలో వచ్చే తేడా నామమాత్రం. నిజాయితీ గల అమ్మకందారు ఈ మాట ముందే చెప్పాలి. చాలామంది చెప్పరు.

అలాగని ఆ పని దండగని నేను అనను. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో కంపెనీ గొట్టం తుప్పు పట్టిపోతే మంచి స్టెయిన్‌లెస్ గొట్టం వేయించుకోవడం తెలివైన పనే. 409 రకం ఉక్కులో క్రోమియం దాదాపు 11 శాతం. పైన తుప్పు మరకలు పడినా కొన్నేళ్లు ఆగుతుంది. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం. ధర ఎక్కువ, సముద్రతీరానికి అదే మేలు. బిగింపులో మాత్రం తొందర పనికిరాదు. జాకీ మీద వదిలేసిన బండి కిందకు ఎవరూ దూరకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాలి. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పట్టించి నాననివ్వాలి. క్లాంపులన్నీ ముందు వదులుగా తగిలించి, గొట్టం బ్రేకు పైపులకూ, డీజిల్ పైపులకూ, కింద వేలాడే స్టెపినీకీ తగినంత ఎడంగా ఉందని చూసుకున్నాకే బిగించాలి. ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి.

చాలామంది పట్టించుకోనిది వేడి సంగతి. ఫిల్టర్‌లో పేరుకున్న మసిని బండి తనంతట తానే కాల్చుకుంటుంది. అప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. అందుకే కంపెనీలు గొట్టం కొసన బయటి చల్లగాలి కలిసేలా సందులు పెడతాయి. అవి అలంకారం కాదు. 2007లో కొత్త ఫోర్డ్ సూపర్ డ్యూటీ డీజిల్ బండ్లలో కొన్నింటి గొట్టాల నుంచి మంటలు రావడంతో కంపెనీ వాటిని వెనక్కి పిలిపించి సరిచేయాల్సి వచ్చింది. ఆ సందుల్లేని గొట్టం బిగించి, ఎండాకాలం ఎండుగడ్డి ఉన్న చేను గట్టున బండి ఆపితే ఏం జరుగుతుందో రైతులకు చెప్పనక్కర్లేదు.

గొట్టం వ్యాపారం ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. ఫిల్టర్ మీద చెయ్యి వేయకుండా శక్తి రాదని తెలిశాక, అమెరికాలో కొందరు ఫిల్టర్‌నే పీకేసి టర్బో నుంచి కొస దాకా ఉత్త గొట్టం వేయడం మొదలుపెట్టారు. ఫిల్టర్ లేదన్న సంగతి ఇంజిన్ కంప్యూటర్ పసిగట్టకుండా ఉండేందుకు దొంగ ప్రోగ్రాములు అమ్మారు. రేసులకు మాత్రమే అని చీటీ అంటించి రోడ్డు బండ్లకు బిగించారు. 2020 నవంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ వేసిన లెక్క ప్రకారం పదేళ్లలో ఇలా మార్చిన డీజిల్ పికప్‌లు 5.5 లక్షలకు పైనే. వాటి జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5.7 లక్షల టన్నులు, మసి కణాలు 5 వేల టన్నులు. సక్రమంగా ఉన్న పికప్‌లు మరో 90 లక్షలు రోడ్డెక్కితే గాలికి జరిగే హాని ఇంతే. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది.

ఈ బండ్లతో టీవీ షో నడిపి పేరు తెచ్చుకున్న డీజిల్ బ్రదర్స్ మీద ఉటా రాష్ట్రంలో కోర్టుకెళ్లింది ప్రభుత్వం కాదు, అక్కడి వైద్యుల బృందం. 2020లో దాదాపు 8.5 లక్షల డాలర్ల జరిమానా పడింది. అక్కడి సాల్ట్‌లేక్ లోయలో చలికాలం గాలి కదలక పొగ ఊరి మీదే నిలిచిపోతుంది. ఆ పొగ పీల్చి జబ్బుపడ్డవారిని చూసే వైద్యులే ముందుకు రావడం నాకు సబబుగా తోచింది.

యజమానుల వైపునా వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఊరి లోపలే తక్కువ దూరాలు తిరిగే బండిలో మసి కాలే వేడి రాదు. ఫిల్టర్ మూసుకుపోతుంది, బండి లింప్ మోడ్‌లోకి వెళ్లి నత్తనడక నడుస్తుంది. కొత్త ఫిల్టర్ ఖర్చు మన దగ్గర లక్ష దాటే సందర్భాలున్నాయి. పంట బరువుతో ఉన్న బండి దారిలో ఆగిపోతే రైతుకు గాలి నాణ్యత గురించి పాఠం చెప్పలేం. పైగా కంపెనీలే మోసం చేశాయి. సుమారు 6.3 లక్షల ర్యామ్ పికప్ ఇంజిన్లలో పరీక్షలను ఏమార్చే ఏర్పాట్లు పెట్టిందన్న ఆరోపణపై ఇంజిన్ల కంపెనీ కమిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు 2023 డిసెంబరులో ఒప్పుకుంది. కంపెనీ చేస్తే వ్యాపారం, నేను చేస్తే నేరమా అని యజమాని అడుగుతాడు. ఆ కోపం న్యాయమైనదే. కానీ కంపెనీ చేసినా, యజమాని చేసినా ఆ పొగ చేరేది వెనక స్కూటర్ మీద బిడ్డను కూర్చోబెట్టుకుని వెళ్లే మనిషి ఊపిరితిత్తుల్లోకే. కాబట్టి ఫిల్టర్ మీద యజమానికి హక్కు లేదు. ఫిల్టర్ త్వరగా మూసుకుపోకుండా తయారుచేసి, అందుబాటు ధరకు శుభ్రం చేసిపెట్టే బాధ్యత మాత్రం కంపెనీది.

ఇది మన గుమ్మంలోని సంగతి కూడా. ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతున్నాయి. బీఎస్-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1న వచ్చాక డీజిల్ బండ్లకు ఫిల్టర్ తప్పనిసరి భాగమైంది. కొత్త ప్రమాణం కిలోమీటరుకు 60 వేల కోట్ల కణాలకు మించి వదలకూడదంటుంది. ఆ ఫిల్టర్ కడుపు కోసి, లోపలి సరుకు తీసేసి, పైన వెల్డింగ్ చేసి, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రామును మార్చి రీమ్యాప్ చేసే షెడ్లు ఇక్కడా వెలిశాయి. పైకి చూస్తే ఫిల్టర్ ఉన్నట్టే ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వంగి చూసినా ఏమీ కనబడదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో పట్టుబడదా అంటే, పట్టుబడకపోవడానికే అవకాశం ఎక్కువ. ఆ పరీక్ష పొగ నల్లదనాన్ని కొలుస్తుంది, కణాలను లెక్కపెట్టదు. ఫిల్టర్ మింగేసేవి కంటికి కనిపించనంత సన్నటి కణాలు. ఈ లోపం ఐరోపా దేశాలకు ముందే తెలిసొచ్చింది. 2022 జులైలో బెల్జియం, 2023 జనవరిలో నెదర్లాండ్స్, అదే ఏడాది జులైలో జర్మనీ వార్షిక తనిఖీల్లో కణాలను లెక్కించే పరికరాలు పెట్టాయి. ఇంజిన్ ఊరికే ఆన్ చేసి ఉంచి, పొగ గొట్టంలో ఆ పరికరం కొస పెడితే ఫిల్టర్ ఉందో లేదో నిమిషాల్లో తేలిపోతుంది. జర్మనీ పరిమితి ఘన సెంటీమీటరుకు 2.5 లక్షల కణాలు.

మన చట్టంలో శిక్షలకు కొరత లేదు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గానీ ఆరు నెలల జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం, గాలి కాలుష్య ప్రమాణాలు తప్పితే 10 వేల దాకా జరిమానా. అమల్లో మాత్రం చూపంతా శబ్దం మీదే. బైకుల సైలెన్సర్లు పోగేసి రోడ్డు రోలర్ కింద నలిపే దృశ్యాలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అది తప్పని కాదు. కానీ చప్పుడు చేసే బండి ఎలాగూ దొరికిపోతుంది. చప్పుడు లేకుండా విషం వదిలే డీజిల్ బండి సర్టిఫికెట్ అతికించుకుని వెళ్లిపోతోంది. రీమ్యాప్ చేసిన వాడి జోలికి ఎవరూ వెళ్లడం లేదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకూ ఒక మాట. టెక్సస్‌లో డీజిల్ బండ్లకు పొగ పరీక్ష లేదు. పాత పికప్ కొనేవాళ్లు దాని ఫిల్టర్, సెన్సార్లు అసలువేనా అని మెకానిక్‌తో కింద నుంచి చూపించుకోవాలి. పీకేసిన బండి కొంటే, దాన్ని సరిచేసే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు కణాలను లెక్కించే పరికరాలను ముందు ఫిట్‌నెస్ తనిఖీ కేంద్రాల్లో, వాణిజ్య పికప్‌ల పరీక్షతో మొదలుపెట్టాలి. ఫిల్టర్ ఖాళీ చేసిన షెడ్డు మీద యజమానికన్నా పెద్ద కేసు పెట్టాలి. ఫిల్టర్ వెనక గొట్టం మార్చుకునే వారికి శబ్ద పరిమితి ఎంతో, ఏ గొట్టాలకు ఆమోదం ఉందో స్పష్టంగా ప్రకటించాలి. పికప్ యజమానులు షెడ్డుకు వెళ్లినప్పుడు పని ఫిల్టర్‌కు ముందా, వెనకా అని అడగాలి. ముందు అని జవాబొస్తే బండి తిప్పుకుని వచ్చేయండి.