జూ విత్తనపు మడే... మరి పొలమేది?

1963వ సంవత్సరం. జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ మన పోచంపాడుకు వచ్చి గోదావరి మీద ప్రాజెక్టుకు పునాది రాయి వేశారు. అదే ఏడాది అక్టోబర్ 6న హైదరాబాద్‌లో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల జూ పార్కు తలుపులు తెరిచారు. దానికి పెట్టింది కూడా నెహ్రూ పేరే. రాజధానిలో జూ అయితే ఆ ఏడే జనానికి అందింది. పోచంపాడు కాలువల కోసం మాత్రం మన రైతులు దశాబ్దాల పాటు ఎదురుచూశారు.

జూకు, పోచంపాడుకు ఏం సంబంధమని కొందరు అడగవచ్చు. ఉంది. జూలో కంచె లోపల తిరిగే కృష్ణజింక, శ్రీరాంసాగర్ నీళ్లు వెనక్కి పోయిన చోట నందిపేట వైపు గడ్డి మీద గంతులేసే కృష్ణజింక ఒక్కటే జాతి. మొదటిదానికి వేళకు మేత ఉంది, డాక్టరు ఉన్నాడు, చూడడానికి టికెట్టు ఉంది. రెండోదానికి ఉన్నవి కుక్కలు, వేటగాడి వల. ఒక్క జంతువుకు రెండు న్యాయాలెందుకు? ఈ వారం మేము అడుగుతున్నది ఇదే.

నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ బడుల నుంచి పిల్లలు సద్దులు కట్టుకుని బస్సెక్కి జూ చూడబోతారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ... అదీ వరుస. తిరిగొచ్చినంక ‘కృష్ణజింక ఎక్కడుంటది బిడ్డా?’ అని అడిగితే ‘హైదరాబాద్‌ల’ అంటారు. నిజామాబాద్ నుంచి గంట ప్రయాణంలో గోదావరి ఒడ్డున జింకల మందలున్నాయని ఆ పిల్లలకు చెప్పినవాళ్లు లేరు. మన ఊరి సంగతి మనకే తెలియకుండా చేసిన చదువు ఇది. దీని మీద ఉద్యమ కాలంలో ఎంత మాట్లాడుకున్నామో యాది చేసుకోవాలి.

జూ చేసిన పని తక్కువది కాదు

జూను తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. చేసిన మేలును మేలు అనే చెప్పాలి.

1975లో మన దేశంలో మొసళ్లను కాపాడే పథకం మొదలైంది. చర్మం కోసం చంపీ చంపీ నదుల్లో మొసలి కనబడని రోజులవి. హైదరాబాద్ జూలో మగ్గర్ మొసలి పిల్లలను పెంచారు. వాటిని మంజీరలో వదిలారు. 1978లో సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యం ఏర్పడింది. ఏ మంజీర? నిజాంసాగర్‌ను నింపి, బోధన్ చెరకు చేలను తడిపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే మన మంజీర. సింగూరు నీళ్లు, మంజీర నీళ్లు హైదరాబాద్ దాహం తీర్చడానికి పోతుంటే నిజాంసాగర్ ఆయకట్టు చివరి భూములు నోరెళ్లబెట్టాయి. ఆ నదికి హైదరాబాద్ తిరిగి ఇచ్చింది ఏమన్నా ఉందంటే ఈ మొసళ్లనే లెక్క రాసుకోవాలి.

ఇక మూషిక జింక సంగతి. గిట్టలున్న జంతువుల్లో మన దేశంలో అన్నిటికన్నా చిన్నది. అడుగెత్తు కూడా ఉండదు. రాత్రిపూట తిరిగే పిరికి ప్రాణి. నల్లమలలో ఇది కనుమరుగవుతున్న దశలో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, జూ, అటవీశాఖ కలిసి 2010లో కొద్ది జింకలతో పెంపకం మొదలుపెట్టాయి. అవి పిల్లలు పెట్టి మంద అయినయి. 2017 నుంచి వాటిని అమ్రాబాద్ అడవిలో విడుస్తున్నారు. ఒక్కసారిగా వదలలేదు. మొదట అడవిలోనే కంచె కట్టి, అక్కడి ఆకు, అలము, కాయలు తినడం అలవాటు చేసి, తర్వాత తలుపు తీశారు. ఇదే లాకోన్స్ శాస్త్రవేత్తలు 2006లో చుక్కల జింకకు, 2007లో కృష్ణజింకకు కృత్రిమ గర్భధారణతో పిల్లలు పుట్టించారు. బర్రెలకు, ఆవులకు చేసే సూది వైద్యమే అనుకుంటాం గానీ, మనిషిని చూస్తేనే గుండె ఆగేంత బెదిరే జింకకు ఆ పని చేయడం చిన్న ముచ్చట కాదు.

రాబందుల కథ ఇంకా విషాదం. పశువులకు వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరం ద్వారా రాబందు కడుపులోకి పోయి మూత్రపిండాలను చెడగొడుతుందని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందుల్లో నూటికి 99 పోయాయి. వాటి పెంపకానికి దేశంలో ఎంచుకున్న జూలలో హైదరాబాద్ ఒకటి. 2021 మే నెలలో జూలోని ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్టు పరీక్షలు చేసి తేల్చింది కూడా సీసీఎంబీయే. జూ పక్కన శాస్త్రం ఉంటే ఎంత లాభమో ఇవన్నీ చెబుతాయి.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలె. 2000 అక్టోబర్‌లో ఇదే జూలో సఖి అనే ఆడపులిని రాత్రికి రాత్రి బోనులోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. గోడ ఉంది, తాళం ఉంది, కాపలా ఉంది. అయినా పులి దక్కలేదు. కంచె ఒక్కటే జంతువును కాపాడదని ఆ రాత్రి రుజువైంది.

రుద్రూరు చెప్పే పాఠం

బోధన్ చుట్టుపక్కల వాళ్లకు రుద్రూరు పరిశోధనా కేంద్రం తెలియనిది కాదు. అక్కడ మంచి చెరకు రకాన్ని తయారు చేస్తారు. కానీ ఆ చెరకు రుద్రూరు మడిలోనే ఉండిపోతే ఏం ఫాయిదా? ముచ్చెలు రైతు చేనుకు రావాలె, చేనులో గడ పెరగాలె, గడ గానుగకు పోవాలె. అప్పుడే అది పంట. జూ కూడా అంతే. అది విత్తనపు మడి. పొలం అడవి, గుట్ట, గడ్డి మైదానం, నది. పొలాన్ని అమ్ముకుని విత్తనాన్ని దాచుకుంటే ఎవడు బాగుపడ్డడు?

ఇంకో పాఠం శక్కర్‌నగర్ చెబుతుంది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నాం. 2002లో ప్రైవేటు చేతికి అప్పజెప్పారు. స్వరాష్ట్రం వచ్చినంక 2015 డిసెంబర్‌లో మూతబడింది. గేటుంది, గోడలున్నయి, యంత్రాలు తుప్పు పట్టినయి. దారిన పోయేవాళ్లు ‘ఇది షుగర్ ఫ్యాక్టరీ’ అని పిల్లలకు చూపించారు. కూలి లేదు, చెరకు బండి లేదు, బెల్లపు వాసన లేదు. అడవి పోయినంక జూలో మిగిలిన జంతువు కూడా గట్లనే. పేరుంటది, ఆకారముంటది, పని ఉండదు. పులి పని వేటాడి అడవిని సమంగా ఉంచడం. రాబందు పని కుళ్లును శుభ్రం చేయడం. బోనులో ఆ పని జరగదు.

గడ్డి బంజరు కాదు

ఇప్పుడు మన జింకల దగ్గరికి వద్దాం. కృష్ణజింక దట్టమైన అడవి జంతువు కాదు. దానికి కంటికి ఆననంత దూరం గడ్డి కావాలె. దాని బలం పరుగు. పరుగెత్తడానికి జాగ లేకపోతే అది బతకదు. ఎండాకాలం శ్రీరాంసాగర్ నీళ్లు వెనక్కి జరిగితే నందిపేట మండలం ఉమ్మెడ వైపు బయటపడే భూమిలో గడ్డి మొలుస్తుంది. అక్కడికి జింకలు వస్తాయి, వలస పక్షులు వస్తాయి. అది ఒకప్పుడు మన వాళ్ల ఊళ్లు మునిగిన జాగ. ఊళ్లు పోగొట్టుకున్న భూమి మీద ఈ ప్రాణులు నిలబడ్డయి.

మన రికార్డుల్లో గడ్డి భూమి అంటే ‘బంజరు’, ‘పడావు’. చెట్టు లేకపోతే అడవి కాదు, పంట లేకపోతే భూమి కాదు. ఈ లెక్క వల్లనే గడ్డి మీద బతికే జీవాలు ముందుగా పోతున్నయి. పక్క దేశం పాకిస్తాన్‌లో కృష్ణజింక స్వేచ్ఛగా తిరిగే చోటు లేకుండా పోయింది. 1970లో అమెరికాలోని టెక్సాస్‌లో పెంచిన మందల నుంచి జింకలను తెచ్చి లాల్ సుహన్రాలో మళ్లీ పెంచుకోవలసి వచ్చింది. సముద్రాలు దాటి అప్పు తెచ్చుకున్న జింక అది. మనకు ఆ గతి వద్దు. గుజరాత్‌లో వేలావదర్ గడ్డి మైదానాన్ని 1976లో నేషనల్ పార్కు చేస్తే అక్కడ మందలు నిలిచినయి. గడ్డిని నిలబెడితే జింక తనంతట తానే నిలబడుతుంది.

2014లో రాష్ట్రం వచ్చినప్పుడు చుక్కల జింకను మన రాష్ట్ర జంతువుగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జమ్మిని రాష్ట్ర చెట్టుగా, తంగేడును రాష్ట్ర పువ్వుగా ప్రకటించుకున్నం. బతుకమ్మ, దసరా యాదికొచ్చేటట్టు చేసుకున్న ఎంపిక అది. మంచిదే. కానీ పేరు పెట్టినంత మాత్రాన కడుపు నిండదు.

రైతును దొంగను చేయొద్దు

ఈ మాట అనగానే రైతు మీద పడేవాళ్లు తయారవుతారు. అందుకు మేము ఒప్పుకోం. నారాయణపేట జిల్లా కృష్ణా మండలం రైతులను అడగండి, జింకల మంద ఒక్క రాత్రిలో మొలకను ఎట్లా మేస్తుందో చెబుతారు. మన జిల్లాలో మక్క చేనుకు, చెరకు చేనుకు అడవి పంది చేసే నష్టం ఎవరికి తెలియదు? రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టే రైతుకు అడవి జంతువు మీద ప్రేమ ఉండాలని పట్నంలో ఏసీ గదిలో కూర్చుని చెప్పడం సులువు. ప్రేమ ఖర్చు ఒక్క రైతే ఎందుకు భరించాలె? జింక అందరిదైతే నష్టం కూడా అందరూ పంచుకోవాలె.

చేతిలో చట్టం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2003లో అమల్లోకి వచ్చిన సవరణ కింద ప్రభుత్వ భూమిని ‘కన్జర్వేషన్ రిజర్వు’గా ప్రకటించవచ్చు. అభయారణ్యంలాగా జనాన్ని వెళ్లగొట్టే పద్ధతి కాదు. ఊరివాళ్లను కమిటీలో కూర్చోబెట్టి నడిపే పద్ధతి. శ్రీరాంసాగర్ శిఖం భూమికి అది సరిగ్గా సరిపోతుంది. పాత నిజామాబాద్ జిల్లాలో పోచారం అభయారణ్యం 1952 నుంచి ఉంది. అంటే ఇది మనకు కొత్త పని కాదు.

మా డిమాండ్లు నాలుగే. ఒకటి, శ్రీరాంసాగర్ వెనుక జలాల గడ్డి భూములకు కాగితం మీద కాదు, నేల మీద కాపలా. రెండు, పంట నష్టపోయిన రైతుకు ఆఫీసుల చుట్టూ తిప్పకుండా అదే సీజన్‌లో పరిహారం. మూడు, నిజామాబాద్‌లో వన్యప్రాణులకు వైద్యం చేసే కేంద్రం. దెబ్బ తగిలిన చిరుతను బోనులో వేసుకుని హైదరాబాద్ దాకా ఉరికితే దారిలోనే ప్రాణం పోవచ్చు. జూ డాక్టర్ల నేర్పు జిల్లాకు రావాలె. నాలుగు, ఖాళీగా ఉన్న బీటు ఉద్యోగాల్లో స్థానిక యువకులు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం కదా, అవి అడవికి కూడా వర్తిస్తయి.

డిచ్‌పల్లిలో 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీ విద్యార్థి మిత్రులు సెలవు రోజు గోదావరి ఒడ్డుకు పోయి జింకలను లెక్కపెట్టవచ్చు. టీచర్లు జూ టూరుతో పాటు నందిపేట టూరు కూడా పెట్టవచ్చు. ఉద్యోగ మిత్రులు ఫైలు కదిలించవచ్చు. సమ్మె చేసి రాష్ట్రం తెచ్చుకున్న చేతులకు ఒక ఫైలు బరువా?

రాజధానిలో అన్నీ పోగేసి జిల్లాలను ఎండగట్టే పద్ధతి మీదనే మనం కొట్లాడినం. ఆ పద్ధతి పాలకులు మారినా మారలేదంటే కొట్లాట కూడా ఆగొద్దు. జూలో జింక బాగుండాలె. గోదావరి గడ్డి మీద జింక ఇంకా బాగుండాలె. రేపు బోధన్ పిల్లవాణ్ని ‘కృష్ణజింక ఎక్కడుంటది?’ అని అడిగితే ‘మా దగ్గర’ అని చెప్పాలె.

జై తెలంగాణ!