పశువుల తొట్టి - పసిపిల్లలు

డిసెంబరు మాసము ప్రవేశించినదనగానే క్రైస్తవ గృహముల ముంగిళ్లలో కాగితపు నక్షత్రములు వెలుగసాగును. గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో ప్రొద్దుపోయిన పిదప సంఘమువారు డోలకు, తాళములు చేతబూని ఇంటింట పాటలు పాడుచు వత్తురు. ఆ సందడికి పెద్దలకన్న ముందు మేల్కొనువారు పిల్లలు. అరిసెల పాకపు వాసన, దర్జీ ఇంకను ఈయని క్రొత్త చొక్కా, గుడిలో అప్పగింపవలసిన వాక్యము: పసివానికి పండుగ యనగా ఇవియే. వీనిలో తప్పేమియు లేదు. అయితే ఈ వేడుక యంతయు ఎందుకొరకని ఐదేండ్ల బిడ్డ అడిగిననాడు భక్తిగల తల్లిదండ్రులు ఏమి చెప్పుదురన్నది చిన్న ప్రశ్న కాదు. ఆనాడు విన్న సమాధానము బిడ్డ మనస్సులో చిరకాలము నిలుచును.

వేడుకనే మానుకొని ఈ చిక్కును తప్పించుకొన జూచినవారు చరిత్రలో కలరు. పండుగకు బైబిలునందు ఆధారము లేదనియు, దాని తేదీ ఏ సువార్తయందును పేర్కొనబడలేదనియు ప్యూరిటనుల వాదము. ఇంగ్లండు పార్లమెంటు 1647లో ఈ పండుగను నిషేధించెను. అమెరికాలోని మసాచుసెట్సు వలసవారు 1659లో పండుగ జరుపువారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించి, 1681 వరకు ఆ శాసనమును నిలుపుకొనిరి. తేదీ విషయమున వారు చెప్పినది నిజమే. డిసెంబరు 25ను రోమునగరమున పాటించిరనుటకు దొరకు తొలి ఆధారము 354వ సంవత్సరపు పంచాంగము. కాని పసివారికి తిథివారములతో పనిలేదు. కంటితో చూచినది, చేతితో తాకినది, అమ్మతో కలిసి చేసినది, ఇదియే వారికి విద్య. పండుగను తీసివేసిన ఇంట భక్తి మిగులునేమో గాని, పిల్లల మనస్సులోనికి దానికి ద్వారము దొరకుట కష్టము.

నేటి ప్రమాదము దీనికి భిన్నమైనది. అంగళ్ల ముందు ఎఱ్ఱ అంగీతో, తెల్ల గడ్డముతో నిలిచిన క్రిస్మస్ తాత బాలయేసుకన్న పెద్దవాడయ్యెను. మంచిపిల్లలకు తాత బహుమానములిచ్చునని చెప్పుట పలువురికి అలవాటు. ఈ మాటలో రెండు చిక్కులు గలవు. ఒకే తరగతిలో, ఒకే బల్లపై కూర్చుండు ఇద్దరిలో మేడలోని వానికి సైకిలును, పాకలోని వానికి రంగు పెన్సిళ్లును తాత ఇచ్చినచో, తాను అంత మంచివాడను కానని రెండవవాడు తలపడా? తండ్రి పేదరికమును బిడ్డ దోషముగా మార్చు కథ అది. ఇక రెండవది: తాత కల్పన అని తెలిసిననాడు, అదే నోటితో చెప్పబడిన పశువుల తొట్టి కథయు అట్టిదేనా యని బిడ్డ అడుగును. ప్రార్థనతో దినమారంభించు ఇంట ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

అట్లని తాతను వెడలగొట్టనక్కరలేదు. ఆయన అసలు కథ చెప్పిన చాలును. నాల్గవ శతాబ్దమున నేటి టర్కీదేశమునందలి మైరా పట్టణమున నికొలాసు అను బిషప్పు ఉండెను. కట్నమీయలేని ఒక పేదవాని ముగ్గురు కుమార్తెల కొరకు, రాత్రివేళ ఎవరికిని తెలియకుండ బంగారపు మూటలు వారి ఇంట జారవిడిచెనని పూర్వగాథ. ఈ గాథ తెలుగింటి ఆడపిల్లలకు వివరింపనక్కర లేకయే అర్థమగును. డచ్చివారి ఇండ్లలో ఆయన సింటర్‌క్లాసు అయ్యెను. అమెరికాలో 1823లో ఒక వార్తాపత్రికయందు వెలువడిన గేయము ఆయనను లేళ్ల బండి ఎక్కించెను. ఇది వేషము, ఇది గాథ, ఇది సువార్త అని విడదీసి చెప్పినచో చిన్నబిడ్డయు గ్రహించును. వేషమును ఆటగా ఆనందించును. అంతకన్న మేలు, బిడ్డనే నికొలాసును చేయుట. తన డబ్బాలోని చిల్లరతో కొన్న పలకనో, అరిసెల పొట్లమునో పొరుగింటి గడపపై ఎవరును చూడకుండ పెట్టి పరుగెత్తుకొని వచ్చిన పిల్లవాని సంతోషమునకు ఏ ఉపదేశమును సాటిరాదు.

పశువులపాకను అమర్చుటయు పిల్లలకే విడువదగిన పని. ఇటలీలోని గ్రేచో గ్రామమున 1223లో అస్సీసీ ఫ్రాన్సిసు, శిశువు పుట్టిన పేదరికమును కన్నులార చూడగోరి, ఎండుగడ్డి పరపించి, ఎద్దును గాడిదను తెప్పించి నిలిపెను. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టు తెలుగుదేశమున ఈ పని వింత కాదు. గొల్లల బొమ్మలు కూలినను, ఒంటె మెడ విరిగినను పిల్లలనే పేర్చనీయవలెను. పండుగ రాత్రి వరకు తొట్టిని ఖాళీగా నుంచి, చేసిన ఒక్కొక్క మంచిపనికి ఒక్కొక్క గడ్డిపరకను వారిచేత అందులో వేయించు ఆచారము కొన్ని కతోలిక కుటుంబములలో కలదు. ఇచ్చట మంచితనమునకు ఫలము తనకు వచ్చు బొమ్మ కాదు, మరియొకరికి అమరు మెత్తని పడక.

లూకా సువార్త చెప్పునది సత్రములో చోటు దొరకని తల్లి కథ. ఆ వార్త మొదట అందినది రాత్రి మందలు కాయుచున్న గొల్లలకు. తెలుగునాట ఈ కథకు వేరొక లోతు కలదు. 1876-78 నాటి కరవు పిదప ఒంగోలు ప్రాంతమున వేలాదిగా ఈ మతమున చేరినవారిలో అధికులు ఊరి వెలుపల నుంచబడినవారు. 1878 జూలైలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చోటు లేదను మాటకు వారికి వ్యాఖ్యానము అక్కరలేదు. వారి మునిమనుమలలో ఎందరో నేడు మిద్దెలలో విద్యుద్దీపముల నడుమ పండుగ చేసికొనుచున్నారు. సంతోషింపదగినదే. కాని ఆ పూట అంట్లు తోమవచ్చిన ఆమె బిడ్డను పెరటి గుమ్మమున నిలిపి, ఇంత చేతబెట్టి పంపినచో, ముందుగదిలోని పశువులపాక వృథా. పిల్లలు బొమ్మలను చూచునంత శ్రద్ధగా పెరటి గుమ్మమునుకూడ చూతురు.

ఇంటి ప్రార్థన పిల్లల ఓపికకు తగియుండవలెను. ఒక పాట, కథలో ఒక ఘట్టము, కష్టములోనున్న ఒక పొరుగువాని పేరు, ఇంతే చాలును. అర్ధరాత్రి ఆరాధనలో తల్లి ఒడిని నిదురించు బిడ్డను అదలించి లేపుట భక్తి కానేరదు.

సెలవులు ముగిసి బడి తెరచిననాడు, పండుగకు ఏమి వచ్చినదని పిల్లలను అడుగుట ఉపాధ్యాయులలో పరిపాటి. ఆ ప్రశ్నకు లేనివాడు తల వంచుకొనును. ఎవరితో ఏమి పంచుకొంటివని అడిగినచో, అరిసెలో సగము తమ్మునికి పెట్టినవాడును చేయెత్తగలడు. హిందూ బాలుడు సంక్రాంతిని, ముస్లిము బాలుడు రంజానును తలచుకొని అదే ప్రశ్నకు జవాబీయగలడు. బడిలో ఉపాధ్యాయుడు అడుగుటకు ముందే ఇంట తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడిగియుండుట మేలు.